పొర తెలియని పెంకులు

కొసంపుట్టు తవ్వకాల శిబిరంలో కుండపెంకులు కడిగే పని కిల్లో సోములమ్మది. 1997లో ఒక సీజను, మరుసటి ఏడు ఇంకొకటి, రెండూ జనవరి నుంచి ఏప్రిల్ దాకా. ఆవిడ ఒక్క రోజు కూడా నాగా పెట్టలేదు. ప్లాస్టిక్ టబ్బు ముందు పీట వేసుకుని, చీర మోకాళ్ల మధ్య బిగించుకుని కూర్చునేది. పెంకు అంచుల్ని పాత టూత్‌బ్రష్‌తో రుద్దేది. లోపలి వైపు మాత్రం వేలితోనే కడిగేది. బ్రష్ పెడితే మసి పోతుందని, మసి పోతే ఆ కుండలో ఏం వండారో తెలియదని తవ్వకాలు నడిపే ప్రొఫెసర్ సారు మొదటి రోజు చెప్పారు. మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

నేను ఆ పెంకుల మీద నంబర్లు వేసేదాన్ని. ఎం.ఏ. తెలుగు అయ్యాక ఉద్యోగం లేక ఇంట్లో ఉన్న రోజుల్లో, చేతిరాత బాగుంటుందని మా లెక్చరర్ ఒకరు ఆ పనికి పంపారు. పని ఇలా సాగేది. తవ్వే గోతిని ట్రెంచ్ అంటారు. అందులో మట్టి పొరలు పొరలుగా ఉంటుంది. పై పొర కొత్తకాలానిది, కింది పొర పాతది. ఏ పొరలో దొరికిన పెంకుల్ని ఆ పొర పేరు, తేదీ రాసిన చీటీతో గుడ్డసంచిలో కట్టి పంపుతారు. సోములమ్మ సంచి విప్పి, కడిగి, వెదురు తడక మీద ఆరబెట్టి, చీటీని పక్కనే రాయి కింద పెడుతుంది. ఆ చీటీ చూసి నేను ఒక్కొక్క పెంకు మీదా నల్ల సిరాతో నంబరు వేసి, చెరిగిపోకుండా పైన రంగులేని నెయిల్ పాలిష్ పూసి, రిజిస్టరులో ఎక్కిస్తాను. నెమ్మది పని. కడిగిన పెంకులు మూడు నాలుగు వారాలు పందిరి కింద తడకల మీదే నాకోసం కాచుకుని ఉండేవి.

నెయిల్ పాలిష్ సీసాలు అరకు సంతలో డజన్ల లెక్కన కొనేవాళ్లం. వంట చేసే అప్పలనరసమ్మ శృంగవరపుకోట వైపు మనిషి, నోరు ఊరుకోదు.

"ఒలే సోములమ్మా, సచ్చినోలి కుండలకి గోళ్లరంగేటే! బతికున్నోలం, మనకి నేదు గానీ."

"నువ్వు సచ్చిపో. నీకూ పూత్తాం. నంబరు కూడా ఏత్తాం," అంది సోములమ్మ, టబ్బులోంచి తల ఎత్తకుండానే.

"నాకు ఒకటో నంబరే ఎయ్యాల. నేనొప్పుకోను."

ఆ శిబిరంలో నేను పైకి వినబడేలా నవ్వింది ఆ రోజే అనుకుంటాను.

తవ్వుతున్న కొండవాలు సోములమ్మదే. దాని మీద ఆవిడ చోళ్లు, సామలు, నూనెకి వలిసెలు వేసుకునేది. భర్త మలేరియాతో పోయాడు, పిల్లలు లేరు. అన్న యర్రయ్య ఇంటి వెనక గదిలో ఉంటూ, ఆ వాలు మీద పండిన దానితో బతికేది. కాఫీ మొక్కలు పెడదామని గోతులు తీయించినప్పుడు పారకి వరసగా కుండలు తగిలాయి. కాఫీ మొక్కలిచ్చే ఆఫీసు వాళ్లు పై వాళ్లకి రాశారు, పై వాళ్లు విశాఖపట్నంలో ప్రొఫెసర్ వీరభద్రరావు గారికి రాశారు. వేల ఏళ్ల నాటి శ్మశానం అని తేలింది. తవ్వకం ముగిశాక కూడా ఆ వాలు చుట్టూ ముళ్లతీగ వేసి కాపాడాలన్నారు. పోడు భూమికి పట్టా ఉండదు, పట్టా లేని భూమికి పరిహారం లేదు.

సారు మంచివారు. షుగరు మనిషి, చంకలో వేడినీళ్ల ఫ్లాస్కుతో తిరిగేవారు. మొదటి సీజనులోనే ఆవిడకి మాట ఇచ్చారు. ఈ వస్తువుల కోసం అరకులో చిన్న ప్రదర్శనశాల కడతారు, దాని స్టోరులో ఒక అటెండరు పోస్టు వస్తుంది, అది సోములమ్మకే రావాలని రాస్తాను అన్నారు. వాలు పోయాక ఆవిడకి మిగిలిన ఆధారం ఆ మాట ఒక్కటే. ఆ సంగతి శిబిరంలో అందరికీ తెలుసు. అప్పలనరసమ్మ అప్పుడే "అటెండరమ్మా" అని పిలవడం మొదలుపెట్టింది.

పెంకుల గురించి ఆవిడకి తెలిసినంత మా వాళ్లెవరికీ తెలియదు. సారు దగ్గర రీసెర్చి చేస్తున్న వంశీ కూడా కొన్ని సంగతులు ఆవిడనే అడిగి రాసుకునేవాడు. "ఇది అంబలి కుండ బాబూ, అన్నం కుండ కాదు. అడుగు సూడు, పుల్లతో కలిపి కలిపి అరిగిపోనాది," అనేది. పెంకుని గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని, బాగా కాలిందో లేదో చెప్పేది. రెండు ముక్కలు ఒకే కుండవో కావో విరిగిన అంచు చూసి చెప్పేది. ఆ మాట ఎప్పుడూ తప్పు కాలేదు.

మొదటి సీజను రెండో నెలలో ఒక మధ్యాహ్నం, ఆవిడ ఒక తడక మీది పెంకు తీసి ఇంకో తడక మీద పెట్టడం చూశాను. మళ్లీ రెండు రోజులకి చూశాను. సారు చెప్పి ఉంటారనుకున్నాను. అడగవచ్చు, కాని అడగలేదు. అడగడానికి నోరు రాక నేను వదులుకున్నవి చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం నావే. ఇది నాది కాదు.

ఆ సీజను చివర్లో వంశీ సంబరపడిపోయాడు. ట్రెంచిలో ముక్కలుగా చెదిరి దొరికినవి, నంబర్లు చూసి పేర్చితే నాలుగో పొరలో దాదాపు నిండు కుండలుగా తేలుతున్నాయి. రెండో పొరలో ఒక్కటీ లేదు. పాతకాలం వాళ్లు కుండని నిండుగా పాతిపెట్టేవాళ్లని, తర్వాతి వాళ్లకి ఆ ఆచారం పోయిందని ఒక వ్యాసం రాశాడు. సారు చదివి, ఇంకో సీజను చూసి పంపుదామన్నారు.

రెండో సీజను, మార్చి నెల. వంశీ ఒక పెంకు, తన బొమ్మల పుస్తకం పట్టుకుని పందిరి కిందకి వచ్చాడు. అంచు మీద తాడు ఒత్తిన గుర్తు, పక్కనే చిన్న కన్నం ఉన్న పెంకు అది.

"ఇది రెండో పొరలో దొరికింది. దొరికిన చోటే నేను బొమ్మ గీశాను. ఇదిగో తేదీ. మీరు నాలుగు అని ఎలా వేశారు?"

నేను పెంకు వైపు చూశాను. అది నా అక్షరమే.

"అడుగుతున్నది మిమ్మల్నే. ఇలాంటివి ఇంకా ఎన్ని వేశారు? మీ ఎం.ఏ.లో అంకెలు నేర్పరా?"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చీటీ చూసే వేశానని చెప్పవచ్చు. తడకల మీద ముక్కలు చోటు మారడం చూశానని కూడా చెప్పవచ్చు. రెండూ చెప్పలేదు.

సోములమ్మ టబ్బు దగ్గర నుంచే అంది. "ఆ అమ్మాయిగారిని అనకు బాబూ. అది అక్కడెట్టింది నాను."

"ఏంటీ?"

"అది ఆ కుండదే. సగం ఇక్కడ, సగం అక్కడ ఉంటే ఎలాగ? ఒక దగ్గరెట్టినాను."

"ఇదొక్కటేనా?"

"కలిసినవన్నీ."

"ఎప్పటినుంచి?"

"నిరుటి నుంచీ. మీరు ఏరి తెత్తారు, నాను కడిగి కలిపెడతాను. అదే కదా పని?"

వంశీ పెంకుని బల్ల మీద పెట్టి, సారు టెంటు వైపు నడిచాడు. నాలుగడుగులు వేశాక పరుగెత్తాడు.

సారు వచ్చి ఆవిడ ఎదురుగా ఇంకో పీట మీద కూర్చున్నారు. ఎందుకు చేశావని అడిగారు. ఆవిడ దాచలేదు. వాళ్ల ఇంట్లో మనిషి పోతే, ఆ మనిషి అంబలి తాగిన కుండని శవం కాల్చిన చోటే పగలగొట్టి, పెంకులన్నీ ఏరి ఒకే గోతిలో వేసి పైన రాయి పెడతారట. ఒక్క ముక్క వేరే చోట ఉండిపోయినా పోయినవాడికి చోటు కుదరదట. ఇంటికీ అడవికీ మధ్య తిరుగుతూనే ఉంటాడట.

"మరి మాకు ఎందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు అడగనేదు కదా సారూ. అయినా, మీకు తెలవదని నానెలాగ అనుకుంటాను? సదువుకున్నోలు. అంత దూరంనుంచి ఒచ్చి, పెంకులు ఏరి, కడిగించి, గుడ్డల్లో కట్టి పెడతన్నారు. ఎవులూ నేని ఆ ముసిలోలికి ఒక సోటు సేత్తన్నారనే అనుకున్నాను."

సారు ఫ్లాస్కు మూత తిప్పి మళ్లీ బిగించారు. తర్వాత, నెమ్మదిగా, కోపం లేకుండా విడమరిచి చెప్పారు. ఒకే కుండ ముక్కలు రెండు పొరల్లో దొరకడమే పెద్ద సంగతి. ఆ కొండ ఎప్పుడో జారిందని, పాతవి పైకి కొత్తవి కిందకి కలిసిపోయాయని అది చెబుతుంది. ఇప్పుడా సంగతి రిజిస్టరులో లేదు. తవ్వేసిన నేలని మళ్లీ తవ్వలేం. ఏది ఎక్కడ దొరికిందో ఇంకెవరూ చెప్పలేరు.

"నాను సెప్తాను," అంది సోములమ్మ.

వంశీ నవ్వాడు. "ఆరువందల పైన ఉంటాయి. రెండేళ్లవి."

"ఏది ఏ సంచిలోంచి తీసినానో నాకు గురుతే బాబూ."

"అయితే విడదియ్యగలవా?" అన్నారు సారు.

ఆయన ఏం అడుగుతున్నారో ఆయనకి అర్థమైందో లేదో నాకు తెలియదు. టబ్బులో నీళ్లు మురికిగా ఉన్నాయి, ఆవిడ లేచి వాటిని పారబోసి వచ్చింది.

"ఇడదీత్తే ఆ పోస్టు ఉంటదా సారూ?"

"సరిగా వస్తే నేను రాస్తాను. రాయకుండా ఎలా ఉంటాను?"

అది తొమ్మిది రోజుల పని అయింది. పేర్చిన కుండల్ని ఒక్కొక్కటే ముందు పెట్టుకుని, వాళ్ల భాషలో ఏదో రెండు మాటలు అని, ముక్కలు తీసేది. ఆ మాటలేమిటో నేను అడగలేదు. తీసిన ముక్కని అటూ ఇటూ తిప్పి చెప్పేది. "ఇది మబ్బేసినప్పుడు ఒచ్చింది. రెండ్రోజులు ఆరనేదు." "ఇది వంశీబాబుకి జొరమొచ్చి గోతిలోకి దిగని రోజుది." "దీని సంచికి ముడి ఊడిపోతే నా కొంగు దారంతో కట్టినాను." వంశీ పక్కన కూర్చుని తన డైరీలో తేదీలు వెతికేవాడు. మూడో రోజుకి నవ్వడం మానేశాడు. అయిదో రోజున ఆవిడకి తనే టీ తెచ్చి ఇచ్చాడు. ఆవిడ తాగలేదు.

నేను పాత నంబర్లని బ్లేడుతో గీకి కొత్తవి వేస్తూ పోయాను.

రెండో రోజు సాయంత్రమే యర్రయ్య వచ్చి పందిరి బయట నిలబడ్డాడు. లోపలికి అడుగు పెట్టలేదు. తెలుగులోనే అన్నాడు, మేమూ వినాలని కాబోలు.

"ఈ పని అయినంత వరకూ ఇంటికి రాకే. పిల్లలున్నారు."

"రాను."

"ముసిలోల్ని ఇప్పి పారేత్తన్నావంట. ఏటి నీకీ బుద్ధి?"

"కొండ పోనాది. రేపు తిండి ఎవుడెడతాడు? నువ్వెడతావా?"

యర్రయ్య అయిదుగురు పిల్లల తండ్రి. తలపాగా విప్పి మళ్లీ చుట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజుల్లో ఆవిడ మకాం వంటపాకలోనే. అప్పలనరసమ్మ చోడి అంబలి కాచి ముందు పెట్టేది. "తాగే, తల్లీ. అటెండరువి అయ్యేదాకా బతకాల కదా," అని ఒకసారి అంది గాని, అందులో వేళాకోళం లేదు. సోములమ్మ గ్లాసుని ముట్టుకుని పక్కన పెట్టేది. ఉత్త నీళ్లూ, గుప్పెడు అటుకులూ, అంతే. పెంకులు ముట్టిన చేతుల్ని రోజుకి ఎన్నిసార్లు కడుక్కునేదో. చర్మం పగిలిపోయింది.

సరిచూసే దారి ఒక్కటే ఉంది. వంశీ దొరికిన చోటే బొమ్మ గీసిన పెంకులు ముప్పై నాలుగు. ఆవిడకి బొమ్మల పుస్తకం చూపించలేదు. ముప్పై నాలుగింటిలో ముప్పై రెండింటికి పొర సరిగ్గా చెప్పింది. సారు రిజిస్టరు మార్జినులో తన చేత్తో రాసి సంతకం చేశారు. "కిల్లో సోములమ్మ జ్ఞాపకం ప్రకారం తిరిగి వేరుచేయబడినవి." ఆ రోజు ఆయన నిజంగా సంతోషించారు. "ఇంకేం భయం లేదమ్మా," అన్నారు. ఆవిడ సరేనని తల ఊపింది. ఆ వారంలోనే పెంకులన్నీ పొరల వారీగా చెక్కపెట్టెల్లో పెట్టి మేకులు కొట్టి, లారీలో విశాఖపట్నం పంపేశారు.

ఆగస్టులో సారు నుంచి మా ఇంటికి ఉత్తరం వచ్చింది. సోములమ్మకి మీరే వెళ్లి చదివి వినిపించండి, ఆవిడకి పోస్టులో పంపడం నాకు బాగా అనిపించలేదు అని రాశారు. కిరండోల్ రైల్లో అరకు వెళ్లి, అక్కడి నుంచి ముంచింగిపుట్టు జీపెక్కి, దారిలో దిగి నడిచాను. వాన ఆగి ఆగి పడుతోంది. వాలు చుట్టూ ముళ్లతీగ వేశారు, బోర్డు పాతారు. తవ్విన గోతులు నిండా ఎర్రనీళ్లు.

ఆవిడ ఎవరి మొక్కజొన్న చేలోనో కలుపు తీస్తోంది. నన్ను చూసి గట్టు మీదకి వచ్చింది. "ఏటమ్మాయిగారూ, ఇంత వానలో?" అని, తన తలమీది గోనెసంచి తీసి నా నెత్తిన కప్పింది. ఆ సంచి కింద నిలబడే చదివాను.

ఉత్తరంలో రెండు సంగతులున్నాయి. రిపోర్టుని పరిశీలించిన కమిటీ, జ్ఞాపకం మీద వేరుచేసిన పెంకుల్ని ఒప్పుకోలేదు. ముప్పై రెండు సరిపోయినంత మాత్రాన మిగతావి సరైనవని ఎలా అంటారని అడిగారు. రెండు సీజన్లలో దొరికిన కుండపెంకులన్నిటినీ "పొర తెలియనివి" అని ఒకే పట్టికలో వేసి, ఏ లెక్కలోకీ తీసుకోవద్దన్నారు. రెండోది, అటెండరు పోస్టుకి పదో తరగతి పాసు కావాలట. అది లేకపోయినా ఇవ్వవచ్చని సారు రాశారట గాని, పెంకులు కలిపేసిన మనిషికే మళ్లీ స్టోరు అప్పగిస్తారా అని పై వాళ్లు అన్నారట. కొండ దిగువన, మైదానం వైపు వాళ్లకెవరికో ఇచ్చేశారు. నన్ను క్షమించమని చెప్పండి అని చివర్లో ఉంది. అది కూడా చదివాను.

"పోస్టు రాదన్నమాట," అంది.

"రాదక్కా."

వంశీ పందిరి కిందకి వచ్చిన రోజు నేను నోరు విప్పి ఉంటే అని ఉత్తరం వచ్చిన రోజు నుంచీ అనుకుంటున్నాను. అంత దూరం అది చెప్పడానికే వచ్చాను. "అక్కా, ఆ రోజు నేను..." అన్నాను. ఆవిడ వినడం లేదు. చేతికంటిన బురదని చెయ్యి చెయ్యీ రాసి రాలుస్తోంది.

"మరి అవేటి సేత్తారు?"

"ఏవక్కా?"

"పెంకులు. ఏ పొరదైనా ఒకటే అన్నారు కదా? అక్కరనేదన్నారు కదా?"

"అవును."

"అలాగైతే కలిపెట్టేయొచ్చు కదా ఇంక. నాను ఒత్తాను. విశాపట్నమైనా ఒత్తాను. కూలి వద్దు. ఏది ఏ కుండదో నాకింకా గురుతే."

ఆ పెట్టెలు డిపార్టుమెంటు స్టోరులో, పొరకో వరసలో, ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. తాళం ఉంది. బయటి వాళ్లని రానివ్వరు. లెక్కలోకి రాని పెంకులైనా ప్రభుత్వపు ఆస్తి. ఇదంతా నాకు తెలుసు.

"అడుగుతానక్కా," అన్నాను.

సారుకి రాశాను. ఆయన వెంటనే జవాబు రాశారు, ప్రయత్నిస్తానని. మరుసటి ఏడు రిటైరయ్యారు. తర్వాత వచ్చినాయనకి రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. నేనే వెళ్లి అడగాల్సింది. ఒకసారి యూనివర్సిటీ బస్టాపు దాకా వెళ్లి, ఆ ఆఫీసులో ఎవరితో ఏమని మొదలుపెట్టాలో తేలక వెనక్కి వచ్చేశాను. నాకు కాలేజీలో ఉద్యోగం వచ్చింది. రిపోర్టు 2003లో అచ్చయింది. కుండపెంకుల గురించి అందులో పేజీన్నర ఉంది. సోములమ్మ పేరు లేదు, ఆవిడ తప్పు కూడా లేదు. "వేరుచేయడంలో లోపం వల్ల" అని ఉంది.

2004లో విద్యార్థినులతో అరకు వెళ్లినప్పుడు సంతలో ఆవిడ కనిపించింది. గోనె పరిచి చిక్కుడుకాయలు అమ్ముతోంది. మనిషి సగమైపోయింది. అన్న ఇంట్లోకి మళ్లీ రానిచ్చారా అని అడిగితే, వెనక గదిలోకి రానిచ్చారు, వంట దగ్గరికి రానివ్వరు అంది. ఆ మాట ఎవరి గురించో చెప్పినట్టు చెప్పింది. నా ఉద్యోగం గురించి అడిగింది. పెళ్లి గురించి అడిగింది. ఒక ముసలాయనకి చిక్కుడుకాయలు తూచి ఇచ్చింది. అప్పుడడిగింది.

"అడిగినావా అమ్మాయిగారూ?"

ఆరేళ్లయింది. మరిచిపోయి ఉంటుందనుకున్నాను.

"అడిగానక్కా."

"ఏటన్నారు?"

నా వెనక పిల్లలు బస్సు వెళ్లిపోతుందని పిలుస్తున్నారు.

"చూస్తామన్నారు."

"బేగి సూడమని సెప్పు," అంది. "గురుతు తప్పిపోతన్నాయి నాకు. మొన్న తలుసుకుంటే రెండు కుండలు రానేదు."